నిదానంగా, ఖాళీ చేతులతో



తార్నాక చౌరస్తా నుంచి ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచే దారిలో సముద్రం ఊసు రావడానికి పెద్ద కారణమేమీ కనబడదు. మన హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన, దక్కను రాతి మీద ఉంది. దగ్గరి తీరం చేరాలన్నా రాత్రంతా బస్సులో కూర్చోవాలి. అయినా ఈ చుట్టుపక్కల చదువుకునే పిల్లలు కొందరు సెలవులు రాగానే విశాఖకో, అండమాన్‌కో, లక్షద్వీప్‌కో వెళ్ళి స్కూబా డైవింగ్ నేర్చుకుంటున్నారు. వెళ్ళబోయే ముందు వాళ్ళు అడిగే ప్రశ్నలు మూడు. ఎంత లోతుకు దిగొచ్చు? మునిగిపోయిన ఓడల్లో ఏముంటుంది? సొరచేప ఎదురైతే ఏం చేయాలి? మూడింటికీ నా జవాబు ఒక్కటే. నిదానంగా దిగండి, నిదానంగా పైకి రండి, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ చేతులు ఖాళీగా ఉంచుకోండి. ఎందుకలా అంటున్నానో ఈ కొద్ది నిమిషాల్లో చెబుతాను.

ముందు లోతు సంగతి చూద్దాం. నేల మీద మన ఒంటి మీద పడే గాలి ఒత్తిడిని ఒక అట్మాస్ఫియర్ అంటారు. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ ఇంకో అట్మాస్ఫియర్ వచ్చి చేరుతుంది. అంటే 10 మీటర్ల దగ్గర ఒత్తిడి రెండింతలు, 30 మీటర్ల దగ్గర నాలుగింతలు. డైవర్ వీపున ఉండే సిలిండర్లో సాధారణంగా మనం పీల్చే మామూలు గాలినే కుదించి నింపుతారు. నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ ఆ గాలిని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపడేట్టు చేసి అందిస్తుంది. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కుస్తో, ఎమిల్ గాన్యాన్ కలిసి తయారుచేసిన పరికరం ఇది. అది వచ్చాక మనిషి గొట్టాల పీకులాట లేకుండా చేపలతో సమానంగా తిరగగలిగాడు.

ఈ లెక్కలోనే డైవింగ్ మొదటి సూత్రం దాగి ఉంది. 10 మీటర్ల లోతులో నిండుగా పీల్చిన ఊపిరిని బిగపట్టి పైకి వచ్చేస్తే, ఆ గాలి రెండింతలై ఊపిరితిత్తుల్ని చీల్చేస్తుంది. అందుకే నీళ్ళలో ఎప్పుడూ ఊపిరి బిగపట్టకూడదు. రెండో ప్రమాదం నైట్రోజన్. లోతులో ఉన్నంతసేపూ అది రక్తంలోకి, కండరాల్లోకి కరిగి చేరుతుంది. తొందరపడి పైకి వస్తే గోలీసోడా కొట్టినప్పుడు బుడగలు పొంగినట్టు ఒంట్లో బుడగలు కడతాయి. కీళ్ళు విపరీతంగా నొప్పి పెడతాయి, కాళ్ళు చచ్చుబడతాయి, ప్రాణం కూడా పోవచ్చు. అందుకని నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి రావాలని, నీటిమట్టానికి 5 మీటర్ల కింద మూడు నిమిషాలు ఆగాలని నేర్పుతారు. కొత్తగా నేర్చుకున్నవాళ్ళకు 18 మీటర్లు హద్దు. ఇంకా శిక్షణ పొందితే 30. సరదా డైవింగ్ మొత్తానికి 40 మీటర్లే గీత.

మన హైదరాబాదు వాళ్ళకు ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. వరసగా డైవింగ్ చేశాక కనీసం 18 గంటలు గడవనిదే విమానం ఎక్కకూడదు. పైన గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఒంట్లో మిగిలిన నైట్రోజన్ మళ్ళీ బుడగలు కడుతుంది. విశాఖలో పొద్దున్న సముద్రంలో దిగి, సాయంత్రానికి అరకు ఘాట్ రోడ్డు ఎక్కడం కూడా ఇదే కారణంగా ప్రమాదం. ఎత్తుకు బయలుదేరే ముందు ఒక రాత్రి సముద్రమట్టం దగ్గరే పడుకోండి.

ఈ నిదానాన్ని లోకానికి లెక్కగట్టి చెప్పిన కుటుంబానికి మన తెలుగు నేలతో బంధం ఉంది. బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ మేకల్ని ఒత్తిడి గదుల్లో ఉంచి పరిశీలించి, డైవర్లు ఏ లోతులో ఎంతసేపు ఆగి పైకి రావాలో చెప్పే పట్టికల్ని 1908లో తన సహచరులతో కలిసి ప్రచురించాడు. ఆయన కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్. 1939లో థెటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయారు. ఆ తర్వాత ఈయన ఇతరుల ప్రాణాలు కాపాడే దారి వెతకడానికి తన ఒంటి మీదే ఒత్తిడి ప్రయోగాలు చేసుకున్నాడు. ఆ ప్రయోగాల్లో వచ్చిన మూర్ఛకు ఆయన వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడి, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన వీలునామా ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. డైవర్ చేతికి కట్టుకునే కంప్యూటర్ ఈ రోజుకీ ఆ తండ్రి వేసిన లెక్కల దారిలోనే నడుస్తుంది. తన శరీరాన్ని బతికుండగా డైవర్ల కోసం, చనిపోయాక మన వైద్య విద్యార్థుల కోసం ఇచ్చిన మనిషిని నీళ్ళలోకి దిగే ప్రతి తెలుగు డైవర్ ఒక్కసారి తలచుకోవాలని నా కోరిక.

ఇక మునిగిన ఓడల సంగతి.

విశాఖపట్నం తీరంలో రెండు జలాంతర్గాములు మునిగాయి. మొదటిది రెండో ప్రపంచయుద్ధం నాటి జపాన్ జలాంతర్గామి ఆర్‌ఓ-110. 1944 ఫిబ్రవరి 11న అది విశాఖకు దగ్గరలో ఓడల వరుస మీద దాడి చేసి అస్ఫాలియన్ అనే సరుకు ఓడను టార్పెడోతో కొట్టింది. వెంట వస్తున్న భారత నౌక జమున, ఆస్ట్రేలియా నౌకలు లాన్‌సెస్టన్, ఇప్స్‌విచ్ దాన్ని వెంటాడి ముంచేశాయి. లోపలున్న వాళ్ళెవరూ బతకలేదు.

రెండోది మనందరికీ తెలిసిన ఘాజీ. అమెరికా 1944లో కట్టిన డయాబ్లో అనే జలాంతర్గామిని 1964లో పాకిస్తాన్ తీసుకుని ఆ పేరు పెట్టుకుంది. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ రేవు ముందు అది పేలి మునిగిపోయింది. యుద్ధనౌక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జ్‌ల (నీటి అడుగున పేలే బాంబుల) వల్లనని మన నౌకాదళం, లోపలి పేలుడు వల్లో తానే పరిచిన మైను వల్లో అని పాకిస్తాన్ చెబుతున్నాయి. నీళ్ళ మీద తేలిన శకలాల్ని ముందు చూసినవాళ్ళు జాలర్లు. ఆ తర్వాత నేవీ డైవర్లు దిగి అది ఘాజీయేనని తేల్చారు. అందులో ఉన్న 93 మందిలో ఒక్కరూ మిగల్లేదు. 2017లో ఆ పేరుతో తెలుగు సినిమా వచ్చాక మన పిల్లల్లో చాలామందికి అది ఒక సాహసగాథ. నా దృష్టిలో అది శత్రు సైనికులదే అయినా 93 మంది సమాధి. శ్మశానంలోకి అడుగుపెట్టినప్పుడు ఎలా మెలుగుతామో అక్కడా అలాగే మెలగాలి. జలాంతర్గామి లోపల ఎంత ఇరుకుగా ఉంటుందో తెలుసుకోవాలంటే విశాఖ ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్‌సురాలోకి ఒకసారి నడిచి చూడండి. ఆ ఇరుకు చూసినవాళ్ళు సముద్రం కింద ఉన్నవాళ్ళ గురించి తేలిగ్గా మాట్లాడరు.

మునిగిన ఓడ మీద మనిషికి ఎప్పుడూ ఆశే. ఈ ఆశకు అడ్డుకట్ట వేసిన రాజు తెలంగాణవాడు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగుల్ని, గుర్రాల్ని, రత్నాల్ని వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవారు. ఓరుగల్లులో కూర్చుని పాలించిన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి ఆ పద్ధతి మాన్పించాడు. నియమించిన సుంకం తప్ప ఓడ మునిగినవాడి సొత్తులో ఇంకేమీ ముట్టుకోమని మాట ఇచ్చాడు. ప్రాణం కన్నా ఎక్కువగా చూసుకునే ధనాన్ని నమ్ముకుని సముద్రం మీద సాహసించే వ్యాపారుల కష్టం సముద్రానికి అంత దూరంలో ఉన్న ఆ రాజుకు అర్థమైంది. తార్నాక నుంచి సముద్రానికి వెళ్ళే పిల్లలకు ఇంతకన్నా మంచి డైవింగ్ పాఠం నాకు దొరకలేదు. ఓడలోంచి ఒక మేకు కూడా తేవద్దు. గాజు సీసా ముక్కయినా సరే, ఉన్నచోట ఉంటేనే అది చరిత్ర. లక్షద్వీప్‌లోని బంగారం దీవి దగ్గర ప్రిన్సెస్ రాయల్ అనే పాత ఓడను పురావస్తు శాఖ వాళ్ళు నీటి అడుగునే కొలతలు తీసి, బొమ్మలు గీసి అధ్యయనం చేశారు. ఒక్కో వస్తువు ఎక్కడ పడి ఉందన్న దాన్నిబట్టే ఓడ ఎలా మునిగిందో తెలుస్తుంది. ఎవరో ముచ్చటపడి తీసుకుపోతే ఆ కథలో ఒక వాక్యం చెరిగిపోయినట్టే.

మునిగిన ఓడకు ఇంకో బతుకు కూడా ఉంది. మన తూర్పు తీరంలో కృష్ణా గోదావరులు మోసుకొచ్చిన ఒండ్రు పరుచుకుని ఉంటుంది. సముద్రపు అడుగు చాలావరకు బురద, ఇసుక. అతుక్కుని బతికే జీవులకు గట్టి ఆధారం కరువు. అలాంటి చోట ఒక ఇనుప ఓడ పడిందంటే దాని మీద నత్తలు, ముత్యపు చిప్పలు, స్పంజికలు, మెత్తని పగడాలు ఒక్కొక్కటిగా చేరతాయి. వాటి కోసం చిన్న చేపలు, ఆ చేపల కోసం పెద్ద చేపలు వస్తాయి. విజయనగరం జిల్లా చింతపల్లి తీరానికి ఎదురుగా ఇలాంటి పాత ఓడ ఒకటి ఉంది. విశాఖ డైవర్లు అక్కడికి వెళ్తుంటారు. బయటి నుంచి చూడటంతోనే తృప్తి పడండి. లోపలికి దూరితే తలమీద ఇనుప పైకప్పు ఉంటుంది, కాలి కదలికకు బురద లేచి దారి మూసుకుపోతుంది, చిక్కుకున్న పాత వలలు కాళ్ళకు చుట్టుకుంటాయి. ప్రత్యేక శిక్షణ లేనివాళ్ళు ఓడ లోపలికి వెళ్ళకూడదు.

ఇక సొరచేప.

మన తీరం వాళ్ళకు సొర కొత్త కాదు. సొరపుట్టు రుచి ఎరిగినవాళ్ళం. బాలింతలకు పాలు పడతాయని పాలసొర వండిపెట్టే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. కానీ నీళ్ళలో బతికున్న సొరను చూడటం వేరే అనుభవం. అండమాన్, లక్షద్వీప్ పగడపు దిబ్బల దగ్గర రెక్క కొస తెల్లగా ఉండే సొరలు పగలంతా గుహల్లో అడుగున పడుకుని రాత్రి వేటకు బయలుదేరతాయి. వాటి మూతి మీద చిన్న చిన్న రంధ్రాలుంటాయి. ఇసుకలో దాక్కున్న చేప గుండె కొట్టుకుంటే పుట్టే సన్నని విద్యుత్తును కూడా అవి ఆ రంధ్రాలతో పసిగడతాయి. సొరల వంశం భూమి మీద 40 కోట్ల ఏళ్ళుగా ఉంది, అంటే రాక్షసబల్లుల కన్నా ముందు నుంచి.

సొర ఎదురైతే కాళ్ళూ చేతులూ కొట్టుకోవద్దు. నిలువుగా ఉండి, దానివైపే చూస్తూ, తోటి డైవర్‌కు దగ్గరగా జరగండి. తరమొద్దు, ముట్టుకోవద్దు, ఎర చూపి దగ్గరికి పిలవొద్దు. అది తన దారిన పోతుంది. ప్రపంచం మొత్తం మీద మనిషి రెచ్చగొట్టకుండా సొర కరిచిన ఘటనలు ఏడాదికి వందకు లోపే నమోదవుతున్నాయి. మనుషుల వేటకు చచ్చే సొరలు మాత్రం ఏడాదికి సుమారు 10 కోట్లని 2013లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఎవరికి ఎవరు ప్రమాదమో ఈ రెండు అంకెలే చెబుతాయి. సొరలు మిగతా చాలా చేపల్లా లక్షల గుడ్లు పెట్టవు. చాలా జాతులు ఆలస్యంగా ఎదిగి, కొద్ది పిల్లల్నే కంటాయి. చేపలన్నింటిలో పెద్దదైన తిమింగల సొరకు ఈడు రావడానికే పాతికేళ్ళ దాకా పడుతుంది. అంత పెద్ద ప్రాణి తినేది నీళ్ళలో తేలే సూక్ష్మజీవుల్ని, చిన్న చేపల్ని. వేటగాళ్ళ నుంచి కాపాడేందుకు 2001లో దాన్ని వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. రెక్కలు కోసుకుని మిగతా సొరను సముద్రంలో పారేసే పద్ధతిని మన ప్రభుత్వం 2013లో నిషేధించింది. 2015లో రెక్కల ఎగుమతినీ ఆపింది.

చట్టం ఉన్నంత మాత్రాన సరిపోదు, మనుషుల మనసు కూడా మారాలి. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి రెండు టన్నుల తిమింగల సొర ఒకటి వచ్చి చిక్కుకుంది. అటవీశాఖ వాళ్ళు, స్థానిక జాలర్లు కలిసి దాన్ని ప్రాణంతో తిరిగి సముద్రంలోకి పంపారు. అంత బరువైన ప్రాణిని నీళ్ళలోకి నెట్టిన ఆ చేతులకు నా నమస్కారం.

పగడపు దిబ్బల గురించి చెప్పకుండా ఈ మాట పూర్తి కాదు. ఈ దిబ్బల్ని కట్టేది సూది మొనంత నోరున్న చిన్న ప్రాణి. తనలో నాచును దాచుకుని, అది ఎండతో చేసిన ఆహారం తింటూ, సున్నంతో ఇల్లు కట్టుకుంటుంది. గుండ్రాయిలా పెరిగే పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూఇటూ పెరుగుతాయి. అంటే మన కాలి తన్నుకు విరిగే ముక్క మన తాతల కాలం నుంచి పెరుగుతున్నదై ఉండొచ్చు. ఈ దిబ్బలే ఓడలకు కాలయములు కూడా. 1862లో పీ అండ్ ఓ కంపెనీ ఆవిరి ఓడ కొలంబో మినికాయ్ దిబ్బకు కొట్టుకుని పగిలింది. అక్కడ దీపస్తంభం 1885లో వెలిగింది. ఒకప్పుడు దిబ్బల నుంచి ఓడల్ని కాపాడుకున్నాం. ఇప్పుడు మన నుంచి దిబ్బల్ని కాపాడుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. సముద్రం వేడెక్కితే పగడం తనలోని నాచును వెళ్ళగొట్టి తెల్లబడిపోతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చచ్చిపోతుంది. లక్షద్వీప్ దిబ్బలు 1998, 2010, 2016, 2024 సంవత్సరాల్లో ఇలా తెల్లబడ్డాయి. ఒక దెబ్బ నుంచి కోలుకోవడానికి వాటికి కావలసిన కాలాన్ని మనం ఇవ్వడం లేదు.

ఆ వేడి ఎప్పుడు ముంచుకొస్తుందో ముందుగా చెప్పే కార్యాలయం ఎక్కడుందో తెలుసా? మన హైదరాబాదులోనే. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు కొలిచిన నీటి వేడిని చూసి 2011 నుంచి అండమాన్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ దిబ్బలకు హెచ్చరికలు పంపుతోంది. సముద్రం పనిలో తార్నాకకు కూడా వాటా ఉంది. ఇక్కడి ఐఐసీటీ ప్రయోగశాలలో వై. వెంకటేశ్వర్లు గారి బృందం మన తీరాల స్పంజికల్లో, పగడాల్లో ఉండే రసాయనాల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. అరేబియా సముద్రంలో రాళ్ళకు అతుక్కుని నీళ్ళు వడగట్టి బతికే తిత్తిలాంటి జీవి నుంచి లామెల్లారిన్ జాతికి చెందిన ఒక పదార్థాన్ని అమెరికాలోని స్క్రిప్స్ సంస్థకు చెందిన ఫాక్‌నర్ బృందంతో కలిసి వేరుచేసింది. అది ఎయిడ్స్ వైరస్‌కు అవసరమైన ఒక ఎంజైమును అడ్డుకుంటుందని వాళ్ళతో కలిసే 1999లో ప్రకటించింది. రక్తపు క్యాన్సర్‌కు ఇప్పటికీ వాడే సైటరబీన్ మందుకు మూలం కూడా కరీబియన్ సముద్రపు స్పంజిక రసాయనమే. కదలలేని ప్రాణి తనను తాను కాపాడుకోవడానికి తయారుచేసుకున్న విషం మన రోగికి మందవుతోంది. దిబ్బ చచ్చిపోతే, మనకింకా తెలియని మందులు కూడా దానితోపాటే పోతాయి. తిమింగల సొర లాంటి ప్రాణుల్ని కాపాడే చట్టం కోర్టులో నిలవాలంటే రుజువు కావాలి కాబట్టి, ఉప్పల్ దారిలో ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ సంగతీ చెప్పాలి. దాని అనుబంధంగా అత్తాపూర్‌లో పనిచేసే లాకోన్స్‌లో ఎండిన మాంసం ముక్క, తోలు ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి అది ఏ వన్యప్రాణిదో తేల్చి కోర్టుకు చెబుతారు.

కాబట్టి క్యాంపస్ మిత్రులారా, మనకు సముద్రం దూరమని అనుకోవద్దు. డైవింగ్ నేర్చుకోవాలంటే ముందు ఈత బాగా రావాలి. చెవి, ముక్కు, ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకోండి. ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరు ఒప్పుకుంటేనే దిగాలి. ఒంటరిగా ఎప్పుడూ దిగొద్దు. శిక్షకుడి దగ్గర గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ చూడండి, సిలిండర్ ఎప్పుడు పరీక్షించారో అడగండి, పడవలో ఆక్సిజన్ ఉందో లేదో కళ్ళారా చూసుకోండి. అడిగితే చిన్నబుచ్చుకునేవాళ్ళ దగ్గర నేర్చుకోవద్దు.

చివరిగా మీకు ఒక పని అప్పజెబుతున్నాను. విశాఖ, భీమిలి, కాకినాడ తీరాల్లో వల ఎక్కడ చిక్కుకుంటుందో, ఎక్కడ చేప ఎక్కువ దొరుకుతుందో కొండ గుర్తుల్నిబట్టి చెప్పగల పెద్ద జాలర్లు ఉన్నారు. వల చిక్కిన చోట ఒక రాతి దిబ్బయినా ఉంటుంది, మునిగిన పడవయినా ఉంటుంది. వాళ్ళు వెళ్ళిపోతే ఆ జ్ఞానమూ వెళ్ళిపోతుంది. చరిత్ర చదివేవాళ్ళు, జంతుశాస్త్రం చదివేవాళ్ళు, రసాయన శాస్త్రం చదివేవాళ్ళు కలిసి ఒక జట్టుగా వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళు చెప్పింది తెలుగులోనే రాసుకోండి, వాళ్ళ పేర్లతోనే రాయండి. తర్వాత శిక్షణ పొంది దిగి, చూసి, కొలిచి, ఫోటో తీసి, ఏదీ కదపకుండా తిరిగి రండి. మన తీరం అడుగున ఏముందో చెప్పే తెలుగు పటం అలా ఒక్కొక్క గుర్తుతో తయారవుతుంది. దానికి ఏళ్ళు పడుతుంది. పగడానికి లేని తొందర మనకూ అక్కర్లేదు. ఈ సెలవులకే మొదలుపెట్టండి.